ట్యాంకుకి పట్టిన గౌరవం

పాడి పరిశ్రమకు మళ్లీ స్వర్ణయుగం తెచ్చేశామని మంత్రిగారు సభలో ప్రకటించారు. పశువుల స్పందన ఇంకా తెలియరాలేదు. మనుషులు మాత్రం చప్పట్లు కొట్టారు. కొట్టేదాకా గేటు తియ్యలేదు మరి.

"వేల ఏళ్ల కిందట మానవుడు మొదటిసారి పొదుగు కింద గిన్నె పెట్టాడు. ఆ గిన్నె ఇవాళ మా చేతుల్లో ఉంది!" అన్నారు మంత్రిగారు.

"అందుకే నిండట్లేదు," అన్నాడు వెనక వరసలోంచి నురగ బాబాయ్. ఒకప్పుడు పాల కొలత సగం నురగతో నింపేవాడని ఆ పేరు. ఇప్పుడు మానేశాడు. పాల కేంద్రంలో మిషన్లు పెట్టారు కదా.

బాబాయ్‌కి ఉన్నది ఒకే గేదె. పొద్దుటి పాల డబ్బు దాని గడ్డికీ దాణాకీ సరి. సాయంత్రం పాలే బాబాయ్‌కీ పిన్నికీ అన్నం. కానీ పాల కేంద్రంలో చల్లబరిచే ట్యాంకు పాడైంది. వ్యాను వచ్చేది తెల్లారాక. ఈలోగా సాయంత్రం పాలు విరిగిపోతాయి.

"ఇంట్లో కడుపు నిండా తింటోంది గేదె ఒక్కతే," అంది పిన్ని. "నువ్వెళ్లి ఆ పాడి శాఖ ఆఫీసర్ని అడుగుతావా, నన్ను వెళ్లమంటావా?"

పిన్ని వెళ్తే ఆఫీసు మిగలదు. అందుకని బాబాయే వెళ్లాడు.

"రిపేరుకి నిధుల్లేవు. చరిత్రకైతే ఉన్నాయి," అన్నారు ఆఫీసరుగారు, అంత పెద్ద సమస్యనీ అంత చిన్న ముక్కలో తేల్చేస్తూ. "పాడి వారసత్వ పథకం. పాత వస్తువైతే కొత్తగా చేసి ఇస్తాం."

బాబాయ్ కళ్లు మెరిశాయి. "మా ట్యాంకు పాతదే సార్."

"ఎంత పాతది?"

"ఎంత కావాలి?"

"వందేళ్లు దాటాలి."

"దాటి చాలా కాలమైంది సార్! అందులో మొదటి బిందె పోసింది మా ముత్తాతే. మా గేదె ముత్తమ్మమ్మ పాలు. ఇది అచ్చం ఆవిడ పోలికే అనుకోండి!"

ఆఫీసరుగారు చలించిపోయి మొత్తం రాసుకున్నారు. ట్యాంకు వెనక, తయారైన సంవత్సరం చెక్కిన రేకు ఒకటుంది. బాబాయ్ ఆ మధ్యాహ్నమే దాని మీద పేడ మెత్తాడు. తనిఖీకి వచ్చిన నిపుణులు ఆ పేడని చూసి భక్తిగా చెప్పులు విడిచారు. దానికి అద్దం బిగించారు.

ట్యాంకు బాగైంది. కొత్త మోటారు, కొత్త పాలిష్, చెయ్యి పెడితే జివ్వుమనే చల్లదనం. ఆ సాయంత్రం బాబాయ్ క్యాను భుజానేసుకుని పెళ్లికొడుకులా వెళ్లాడు. ట్యాంకు చుట్టూ ఎర్రతాడు, ముందు కాపలావాడు.

"ముట్టుకోకూడదు. చారిత్రక వస్తువు."

"ముట్టుకోనయ్యా, పాలు పోసి పోతాను."

"చరిత్రలో ఎవరైనా పాలు పోస్తారా?"

"మరి లోపలేముంది?"

"చల్లదనం," అన్నాడు కాపలావాడు గర్వంగా.

తెల్లారేసరికి పాలు విరిగాయి. "వందేళ్లకి ఓ రెండేళ్లు తగ్గించి చెబితే నీ సొమ్మేం పోయేది?" అంది పిన్ని.

బాబాయ్ పరుగున వెళ్లి నిజం ఒప్పేసుకున్నాడు. "అబద్ధం సార్! ఆ ట్యాంకు మా పెళ్లయ్యాక వచ్చింది!"

"ష్!" అన్నారు ఆఫీసరుగారు. "మంత్రిగారు దాని మీద ప్రసంగం చేసేశారు. ఇక నిజం మారదు. ఇంటికి పదండి, మీకో శుభవార్త."

శుభవార్త గేదె మెడలో వేలాడుతోంది. బోర్డు: 'ముత్తమ్మమ్మ వంశం. జాతి సంపద. పితకరాదు.' పక్కన కాపలావాడు. గడప మీద ఖాళీ తపేలాతో పిన్ని.

"పొద్దుట్నించీ పొదుగు బిగిసి అరుస్తోందయ్యా. దాని గతేంటి?" అంది పిన్ని.

"కమిటీ వేస్తున్నాం," అన్నారు ఆఫీసరుగారు.

అంతలో మంత్రిగారే దిగారు. గేదె పక్కన ఫొటో దిగి, అలిసిపోయి, టీ అడిగారు. పిన్ని నల్లటి డికాషన్ తెచ్చి ముందు పెట్టింది.

"పాలేవమ్మా?"

పిన్ని బోర్డు చూపించింది. మంత్రిగారు కళ్లజోడు సర్ది, రెండుసార్లు చదివి, "ఎంత చక్కగా రాశారు!" అన్నారు. వెంట ఉన్నవాడు కారులోంచి పాలపొడి ప్యాకెట్ తెచ్చి కలిపాడు. మంత్రిగారు ఓ గుక్క తాగి కళ్లు మూసుకున్నారు.

"ఆహా! ఎంతైనా ఇంటి పాడి రుచే వేరమ్మా!"

అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కొట్టలేదు. గేదె పొదుగులోంచి చుక్కచుక్కగా పాలు నేల మీద పడుతుంటే, ఖాళీ తపేలాని కాలితో మెల్లగా, కాపలావాడు చూడకుండా, దాని కిందికి జరుపుతున్నాడు.