గెలిచినవాడు లేని ఆట

పాత వీడియో గేముల్ని బతికించే ప్రోగ్రామర్లకు ప్రభుత్వం వెంటనే ఒక శాంతి బహుమతి ప్రకటించాలి! నవ్వకండి. పక్కవాళ్లను కూడా నవ్వనివ్వకండి.

ఉద్యోగం చేసుకోక ఈ బొమ్మలాటలేమిటని వాళ్లను తిట్టే తల్లిదండ్రులారా, కడప జిల్లాలో ఇంతకన్నా క్షేమమైన వ్యాపకం మీరొకటి చూపించగలరా? ఆ ఆటలో నరికినవాడు జైలుకు పోడు. నరికించుకున్నవాడు లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ కత్తి పడతాడు. జీపు పేలితే పులివెందుల బస్సు ఆగదు. సాక్షులు మాట మార్చరు. పోయినవాడికి విగ్రహం పెట్టక్కర్లేదు, విగ్రహం చెయ్యి విరిగిందని బందూ చేయక్కర్లేదు!

మా ప్రొద్దుటూరు దేవపాలునే చూడండి. బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చునే కోడ్ రాస్తాడు. కంపెనీకి రాసేది కాస్త, తన సరదాకు రాసేది బోలెడు.

ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఖైరున్నీసా అనే ఆమె వీడియో గేముల అంగడి నడిపేది. అందులో ఒక కరాటే ఆట. ఇద్దరు ఆడాలి, ఒకర్నొకరు తన్నుకోవాలి. రెండు వర్గాల కుర్రాళ్లూ జీపులు బయట నిలబెట్టి లోపలికొచ్చి ఆడేవాళ్లు. దేవపాలు వాళ్ల చంకల సందుల్లోంచి చూస్తూ పెరిగాడు. మొన్న ఆ మెషిన్ బోర్డు పాత ఇనుప సామాన్ల అంగట్లో దొరికింది. అందులోని ప్రాణం తీసి కొత్త కంప్యూటర్లోకీ, ఫోన్లోకీ పోశాడు. దీన్ని పోర్టింగ్ అంటారట.

ఎంత గర్వమనుకున్నారు! అప్పట్లో ఎడమ జాయ్‌స్టిక్ ఇరుక్కునేది, అలాగే ఇరికించాడు. తెర మూల ఆకుపచ్చ మరక ఉండేది, మరక పెట్టాడు. స్పీకరు గురక పెట్టేది, ఆ గురకా పెట్టించాడు.

"బాగుండే ఫోను చెడగొడ్తాండావు గదరా," అంది తల్లి ఆనందమ్మ.

"చెడగొట్టేది కాదుమా, కాపాడ్తాండా!"

ప్రొద్దుటూరులో ఆవిష్కరణ సభ పెట్టాడు. మొదటి ఆటకు ఎవర్ని పిలిచాడు? అప్పట్లో ఆ రెండు వర్గాలనూ నడిపిన నారాయణస్వామినీ, చిన్నన్ననూ! ఇద్దరూ ఇప్పుడు ఒకే పార్టీ, ఇంకేం భయం? సభకు ముందురోజు, ఖైరున్నీసా నోట 'ఇదే మా ఆట' అనిపించుకుందామని జమ్మలమడుగు పోయాడు.

ఆమె కళ్లముందే ఆమె కోడలు జానీబీతో ఆడి, చిత్తుగా ఓడిపోయాడు. తెరమీద గెలుపు బోర్డు తళతళా వెలిగింది. ముసలామె పెదవి విరిచింది.

"ఇది మా ఆట గాదప్పా."

"అదేందత్తా! మరక గూడా పెట్టినా గదా?"

"మరకదేముంది నాయనా. నీ ఆటలో గెల్చినోడుండాడు. మా అంగట్లో యెవుడు గెల్చినాడు?"

దేవపాలు బుర్ర గోక్కున్నాడు. నిజమే! ప్రతిసారీ ఆఖరి దెబ్బకు ముందే కరెంటు పోయేది.

"కరెంటు యాడ పాయె? స్విచ్చి నా కాలికింద ఉండె. ఒగడు గెల్చి ఈలేస్తే, ఓడినోడు జీపుకాడికి పోతాడు. జీపు సీటుకింద ఏముండేదో నీకు తెలీదా? అందుకే తొక్కేదాన్ని. ఇద్దరూ కరెంటోల్లను తిట్టుకుంటా ఇండ్లకు పోయేవాల్లు."

దేవపాలుకు సభ గుర్తొచ్చింది. రేపు ఊరందరి ముందూ ఆ ఇద్దరిలో ఒకరు ఓడిపోబోతున్నారు!

"యెన్నో దెబ్బకు తొక్కేదానివో చెప్పత్తా, కోడ్ రాసేస్తా."

"దెబ్బలు యెవురు లెక్కబెట్టినారు? మొగాలు జూసేదాన్ని. నీ కోడుకు మొగాలు జూసేది వస్తాదా?"

రాదు. అందుకని ఆమెనే కారెక్కించుకుని వచ్చాడు. సభలో పెద్ద తెరకు పెట్టిన ప్లగ్గు బాక్సు పక్కనే, స్విచ్చి కాలికి అందేలా ఆమెకు కుర్చీ వేయించాడు.

నాయకులిద్దరూ నవ్వుతూ మొదలుపెట్టారు. కాసేపటికి నవ్వడం మానేశారు. వెనక కుర్చీల్లోని అనుచరులు లేచి, చొక్కా చేతులు మడుస్తూ ముందుకు జరిగారు. చిన్నన్న బొమ్మ మోకాళ్లమీద కూలబడింది. తెరమీద నారాయణస్వామి బొమ్మ కాలెత్తింది. తెరకింద ఖైరున్నీసా కాలు దించింది.

"కరెంటు పాయె!" అని కేకేసింది.

నెత్తిమీద ఫ్యాన్లు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కడైనా తలెత్తి చూశాడా? కరెంటు పోయిందంటే నమ్మడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య!

"ఇంగొగ తన్ను తన్నింటే అయిపోతాండె మామా నీ పని!" అన్నాడు నారాయణస్వామి.

"పోప్పా! నేను లేసేదానికే వంగినా!"

తర్వాత ఇద్దరూ కలిసి, ఇదంతా పోయిన గవర్నమెంటు పాపమని తేల్చారు. పోయిన గవర్నమెంటులోనూ వాళ్లిద్దరే ఉన్నారు, అది వేరే సంగతి. భుజాలమీద చేతులేసుకుని ఫొటో దిగారు. సభ చప్పట్లతో ఊగిపోయింది.

దేవపాలు ఊపిరి పీల్చుకున్నాడు. "అచ్చం అప్పటిమాదిరే కుదిరిందత్తా!"

ఖైరున్నీసా ఆ ఫొటో వైపే చూస్తోంది.

"వాల్లు ఒగటైపోయినారు, సంతోసం. మరి వాల్లకోసరం సచ్చిన పిల్లోల్లు ఇప్పుడు ఏ పార్టీ అప్పా?"

నాయకుల్ని అడుగుదామంటే, కండువా మార్చుకునే సౌకర్యం బతికున్నవాళ్లకేనట. ఆ పథకాన్ని శ్మశానం దాకా ఇంకా ఎవరూ తీసుకుపోలేదు.