వ్యాను దాహం

ఆ ఉదయం బేకరీ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. వ్యానులో బ్రెడ్డూ బన్నులూ ఎక్కించాలి, కొండమీది ఆస్పత్రికి టిఫిన్ల వేళకి చేర్చాలి, ఇంజను ఇంకా గట్టిగానే ఉందని బావమరిదిని ఒప్పించాలి. మొదటి రెండూ రోజూ చేసే పనులే. మూడోదే తేలేలా లేదు.

ఎందుకంటే వ్యాను కొన్నాళ్ళుగా నీలం పొగ వదులుతూ, కొండ సగం ఎక్కి కూర్చుంటోంది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే మేం వేరే బేకరీ చూసుకుంటామండీ" అని ఆస్పత్రి క్యాంటీన్ మేనేజరమ్మ ముందురోజే చెప్పేసింది. ఆ ఆస్పత్రి బేరం పోతే పొయ్యి ఆర్పేసి తాళం వేసుకోవడమే. ఇంజను మార్చి తీరాలని ఆయన భార్య పట్టు. ఆవిడ తమ్ముడు మెకానిక్కు. అక్క మాటకి తాళం వేయడానికి పొద్దున్నే స్పానర్ల సంచీతో దిగాడు.

"ఫ్యాక్టరీలో చివరి బోల్టు దాకా విప్పేస్తారు బావా. సిలిండర్లు సాపు చేస్తారు. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేస్తారు. నడిపి చూసి, వారంటీ ఇచ్చి మరీ పంపుతారు. రీమాన్యుఫాక్చర్డ్ ఇంజను అంటే రిపేరు కాదు, పునర్జన్మ!"

"పూర్వజన్మలో అదేం పాపం చేసిందో నీకు తెలుసా?" అన్నాడు ఆయన.

"మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అంది భార్య.

"సరే, ఇవాళ లోడుతో కొండెక్కితే పాతదే ఉంటుంది. ఎక్కకపోతే మీ పునర్జన్మే తెచ్చుకోండి."

ఆవిడ తమ్ముడి వంక చూసింది. తమ్ముడు నేల వంక చూశాడు. ఆ పునర్జన్మ అప్పటికే కొండ అవతలి గోడౌను నుంచి బయల్దేరిందని వాళ్ళిద్దరికే తెలుసు.

మెకానిక్కు కాఫీ తాగుతుండగా ఆయన చల్లగా బయటికి జారుకుని, బానెట్ ఎత్తి ఒక డబ్బా ఇంజనాయిలు పోశాడు. పరీక్షకి వెళ్ళే బిడ్డని ఖాళీ కడుపుతో పంపుతామా? ఆయన లోపలికి రాగానే ఆయన తల్లి బయటికి వెళ్ళింది. భర్త కొన్న బండి అల్లరిపాలు కాకూడదని ఆవిడా ఒక డబ్బా పోసింది. ఆ తర్వాత భార్య వెళ్ళింది. ఆవిడకి కొత్త ఇంజను కావాలి, నిజమే. కానీ ఇవాళ్టి బన్నులు ఇవాళే చేరాలి కదా. ఆవిడ చెయ్యి కొంచెం పెద్దది.

మెకానిక్కు కాఫీ ముగించి, లోపల ఎలా ఉందో చూద్దామని ఎయిర్ ఫిల్టర్ విప్పి పక్కన పెట్టాడు. "స్టార్ట్ చెయ్యి బావా!"

ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి గర్జించింది. ఆ గర్జన పెరగడం మొదలై, ఇక ఆగలేదు. బేకరీ అద్దాలు గలగలలాడాయి, అరల్లో బిస్కెట్ల సీసాలు నడిచాయి, వీధి మొత్తం నీలం పొగలో మునిగిపోయింది.

"ఆపు బావా!"

"ఆపేశానురా! తాళం ఇదిగో, నా చేతిలోనే ఉంది!"

తాళం లేకుండా, ఎవరి ప్రమేయం లేకుండా, ఆ ఇంజను తన ఇష్టప్రకారం ఇంకా ఇంకా వేగం అందుకుంటోంది. నలుగురూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. భయపడవలసిన చోట వాళ్ళకి భక్తి కలిగింది. తల్లి అయితే చెప్పులు విడిచింది కూడా.

"గాలి మూసెయ్యాలి! ఆ గొట్టానికి ఏదైనా అడ్డం పెట్టండి!" అని మెకానిక్కు అరిచాడు. భార్య చేతికందిన కేకు ట్రే తెచ్చి గొట్టం మూతికి అదిమిపట్టింది. ఇంజను ట్రేని సొట్టపడేలా పీల్చి, ఊగి, పెద్ద నిట్టూర్పు విడిచి ఆగింది.

ఈలోగా కొండమీద నుంచి పొగ చూసిన మేనేజరమ్మ, బేకరీ తగలబడుతోందనుకుని ఫైరింజనుకి ఫోన్ చేసింది. అది గంట కొట్టుకుంటూ వచ్చి నిలబడింది. అందులోంచి దిగిన అధికారి నీళ్ళ గొట్టం ఎత్తేసరికి తల్లి వ్యానుకి అడ్డంగా చేతులు చాచింది. "లోపల బన్నులున్నాయి నాయనా! తడిపితే నా శవం మీదుగా తడుపు!" అని, ఆయన్ని చల్లబరచడానికి ఒక కేకు ముక్క చేతిలో పెట్టింది.

"మంట లేదు కదా, మరి ఇంత పొగేంటి?" అన్నాడు అధికారి, తింటూ.

"ఆయిల్ మరీ ఎక్కువైతే డీజిల్ ఇంజను దాన్నే తాగి పరిగెడుతుందండీ" అన్నాడు మెకానిక్కు. "ఇవాళ ఎవరు పోశారు?"

ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. చివరికి ముగ్గురూ చేతులెత్తారు.

"ఇవాళేనా?"

"రోజూ పోస్తానురా. తాగేస్తోంది కదా" అన్నాడు ఆయన.

"నేనూ రోజూ పోస్తాను" అంది తల్లి.

"అయ్యో అత్తయ్యా, మీరు కూడానా!" అంది భార్య.

మెకానిక్కు తల గోక్కున్నాడు. "సర్వీసుకి వచ్చినప్పుడల్లా నేనూ ఓ డబ్బా... మనవాళ్ళ బండి కదా అని."

"ఆయిల్ ఎంతుందో ఒక్కరైనా కొలపుల్ల తీసి చూశారా?" అన్నాడు అధికారి. మెకానిక్కు వెతికాడు. కొలపుల్ల ఉండవలసిన చోట కన్నం మాత్రమే ఉంది.

తల్లి గొంతు సవరించుకుంది. "కేకు లోపల ఉడికిందో లేదో గుచ్చి చూడ్డానికి అంత సన్నటి చువ్వ ఇంకోటి దొరకలేదు నాయనా. కడిగే వాడుతున్నాను."

అధికారి నమలడం ఆపేశాడు.

మెకానిక్కు వ్యాను కింద పడుకుని ఆయిల్ బిరడా విప్పాడు. బకెట్టు నిండింది. పిండి కలిపే తొట్టి పెట్టారు, అదీ నిండింది. ఇంకా వస్తూనే ఉంది. అగ్నిమాపక సిబ్బంది సహా అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"ఇలా రెచ్చిపోయిన ఇంజను ముక్కలైపోవాలి బావా" అన్నాడు మెకానిక్కు, గొంతు తగ్గించి. "ఇంత సముద్రాన్ని మోసుకుంటూ ఇది ఇన్నాళ్ళూ కొండెలా ఎక్కింది?"

"గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చావు కదరా!" అన్నాడు బావ. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

కొలత ప్రకారం కొత్త ఆయిల్ పోసి తాళం తిప్పారు. పొగ లేదు, దగ్గు లేదు. మెత్తని చప్పుడొక్కటే. టిఫిన్ల వేళ దగ్గర పడుతోందని మొదట గుర్తొచ్చింది భార్యకే. అక్కా తమ్ముడూ ఆయన పక్కన ఎక్కారు, వ్యాను కొండదారి పట్టింది. రోజూ కూలబడే మలుపుని అది అవలీలగా దాటేసింది.

ఆ పై మలుపులోనే, అచ్చం ఇలాంటి వ్యానే ఇంకొకటి దారికి అడ్డంగా ఆగి పొగలు కక్కుతోంది. దాని వెనక భాగంలో ఒక పెద్ద చెక్కపెట్టె ఉంది. డ్రైవరు దారి పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు.

"బావా, కోప్పడకు" అన్నాడు మెకానిక్కు. "ఆ పెట్టెలోది మన ఇంజనే."

"నేనే తెప్పించానండీ, నిన్ననే" అంది భార్య, తల వంచుకుని. "ఆస్పత్రి బేరం పోతుందేమోనని నాకు భయమేసింది."

ఆయనకి కోపం రాలేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి, కాళ్ళ కింద మెత్తగా పాడుతున్న ఇంజనుని కాసేపు విన్నాడు. "తాడు తియ్యరా" అన్నాడు.

సరిగ్గా టిఫిన్ల వేళకి ఆస్పత్రి గేటులోకి బన్నుల వ్యాను వచ్చింది. దాని వెనక తాడుతో ఇంకో వ్యాను, ఆ వ్యానులో పెట్టె వచ్చాయి. వేరే బేకరీ వాళ్ళకి ఫోన్ కలపబోతున్న మేనేజరమ్మ, ఫోన్ పక్కన పెట్టేసి గేటు దాకా నడిచొచ్చింది.

"టైముకే వచ్చారే! ఆ వెనకాలదేంటండీ?"

"మా కొత్త ఇంజనండీ" అన్నాడు ఆయన వినయంగా. "పాతది లాక్కొచ్చింది."

పునర్జన్మ ఎత్తిన ఆ ఇంజనుని ఆ వారమే బిగించారు, దాన్ని మోసుకొచ్చిన వ్యానుకి.