మరమనిషి మోకాలు

మనిషి చేతులకు కాలం చెల్లిందని నైపుణ్యాల విముక్తి శాఖ సగర్వంగా ప్రకటించింది (ఆ ప్రకటన టైపు చేసినవీ చేతులే, కాకపోతే అవి పర్మనెంటు చేతులు). తొలి విముక్తి ప్లంబర్లకు దక్కింది. వాళ్ల స్థానంలోకి మరమనిషి దిగింది.

శాఖ క్యాంటీన్‌లో నల్లాలు బిగించే ప్లంబరు కూడా ఇంటిదారి పట్టాడు. సింకుల కింద వంగి వంగి అతని మోకాలు ఏనాడో అరిగిపోయింది. ఆపరేషనుకు స్తోమత లేదు, ఇప్పుడు పనీ లేదు.

ప్రారంభోత్సవం ఆ క్యాంటీన్‌లోనే జరిగింది. లీకేజీ ఎక్కడుందో, ఎందుకుందో, ఎప్పటినుంచి ఉందో మరమనిషి గడగడా చెప్పేసింది. సింకు కిందికి మాత్రం దూరలేకపోయింది. అందరూ చప్పట్లు కొడుతుండగా డైరెక్టరు గారి బూట్లలోకి నీళ్లు చేరాయి.

పొరపాటు ఒప్పుకునే పద్ధతి శాఖ నియమాల్లో లేదు. అందుకని ప్లంబరుకు కబురు పెట్టి, అతన్ని మరమనిషి తాలూకు 'వంగే విడిభాగం'గా నమోదు చేసి, మెడలో సీరియల్ నంబరు వేలాడదీశారు.

"అంటే నేను మనిషిని కానా సార్?"

"ఆఫీసు వేళల్లో కాదయ్యా," అన్నారు డైరెక్టరు గారు ఓపిగ్గా.

ప్లంబరుకు ఒళ్లు మండింది. అయినా సింకు కిందికి దూరి బిగించాల్సింది బిగించాడు. లేవబోతే మోకాలు మొరాయించి అక్కడే చతికిలబడ్డాడు.

"విడిభాగంలో లోపం. వారంటీ వర్తిస్తుంది," అని మరమనిషి కూత పెట్టింది.

ఇన్నేళ్లూ పెద్దాసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయిన మనిషిని ఈసారి స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్లారు. కొత్త మోకాలు వేశారు (బిల్లులో 'కీలు మరమ్మతు' అని రాసుకున్నారు). అతనికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంటికొచ్చాక భార్య ఆ మోకాలిని తడిమి తడిమి చూసింది. బట్టలు పిండి పిండి ఆమె కుడి భుజం పైకి లేవడం మానేసి చాన్నాళ్లయింది.

"ఏమయ్యా, నన్ను కూడా ఏ వాషింగ్ మెషీన్‌కో విడిభాగంగా రాయించరాదూ?"

"అడిగితే పోయేదేముందే," అంటూ మర్నాడే దరఖాస్తు పెట్టాడు.

శాఖ దాన్ని సానుభూతితో పరిశీలించి తిరస్కరించింది. సదరు ఇంట్లో బట్టలుతికే పని జీతం లేకుండా, సెలవు లేకుండా, ఫిర్యాదు లేకుండా సాగిపోతున్నందున, అక్కడ యంత్రం ఇదివరకే ఉన్నట్టు శాఖ భావిస్తోంది.