టైగర్ గారి కంచం

చింతలదొడ్డి పురపాలక సంఘంలో ఇంటికి యజమాని ఎవరో కంచం చూసి తేలుస్తారు కాబట్టి, ఏడో వార్డులో బొడ్డపాటి పానకాలరావు ఇల్లు కిందటి భాద్రపదమాసంలో ఆయన పెంచుకుంటున్న కుక్క పేరు మీదికి మారింది. కుక్క పేరు టైగర్. అది ఊరకుక్క. ఎడమ చెవి వాలి ఉంటుంది.

దస్తావేజుల మీద నమ్మకం పోయిన రోజుల్లో కౌన్సిల్ ఈ పద్ధతి తెచ్చింది. అప్పట్లో ఒకే ఇంటికి ముగ్గురు అన్నదమ్ముల దగ్గర మూడు అసలు దస్తావేజులు ఉండేవి. కంచంలో దొంగ సంతకం కుదరదని ఒక కౌన్సిలరు అన్నాడు. మిగతావాళ్లు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఏడాదికోసారి భోజనాల వేళ కంచాల ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వస్తాడు. ఎవరి కంచంలో తిండి మేలుగా ఉంటే ఇల్లు వారిది. రెండో కంచం, మూడో కంచం ఎవరివో కూడా వరసగా రాసుకుంటాడు. ముద్ద కలిపిన కంచమే కంచం. ఖాళీ కంచం, మూత పెట్టిన కంచం లెక్కలోకి రావు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రోజు చెప్పి ఇంకోసారి వస్తాడు. ఆ రెండో తనిఖీ తర్వాత మాటల్లేవు.

పద్ధతి బాగానే నడుస్తోంది. గౌరీపేటలో ఒక ఇల్లు కోడలికి వేవిళ్లు తగ్గి ఆకలి పుట్టినప్పుడు ఆమె పేరుకి మారింది. మరుసటి తనిఖీ నాటికి ఆమె కాన్పయి పథ్యంలో ఉంది కాబట్టి మళ్లీ మామగారి పేరుకి వచ్చింది. కొత్త అల్లుళ్లు వచ్చినప్పుడు అత్తగార్లు తలుపులు వేసుకుని వడ్డిస్తారు. షుగర్ వచ్చినవాళ్లు ఆ సంగతి తమ్ముళ్లకి చెప్పరు. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఏ ఇంట్లోనూ మంచినీళ్లు తప్ప ముట్టకూడదు. ఇదివరకటి ఆయన మూడో వార్డులో మొహమాటానికి నెయ్యి పోసిన బూరెలు రెండు తిని, ఆ ఇంటి యజమానిగానే రిటైరయ్యాడు. ఇప్పటి ఇన్‌స్పెక్టర్ మస్తాన్ వలి తన క్యారేజీ తను తెచ్చుకుంటాడు. తనిఖీల మధ్య ఏ వీధి చివరో సిమెంటు బల్ల చూసుకుని తింటాడు.

పానకాలరావు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. ఇల్లు ఆయన తండ్రి కట్టింది. తండ్రికి పళ్లు ఊడాక పానకాలరావుది అయింది. అప్పటి నుంచి ఏ తనిఖీలోనూ ఆయనకి ఇబ్బంది రాలేదు. ఆయన కంచంలో వేడన్నం, నెయ్యి, చేప నడిమి ముక్క, మీగడ పెరుగు ఉండేవి. ఆయన తిని లేచాక ఆయన భార్య భ్రమరాంబ అన్నంలో పులుసు కలిపి టైగర్‌కి గిన్నెలో పెట్టేది. పెట్టేదాకా అది గడప దగ్గర కూర్చుని మూలిగేది. దాని గిన్నె కడిగి బోర్లించాక ఆమె తినేది.

వైశాఖంలో టైగర్‌కి వీపు మీద బొచ్చు ఊడింది. ఎదురింటి నాంచారయ్య తన అరుగు మీద నుంచి చూశాడు.

"ఏం బావగారూ, కుక్కకి క్షవరం చేయించారా?"

"ఎండలకి అట్లా అయింది."

"ఎండ మా కుక్కకీ తగులుతోందిగా. ఏం పెడుతున్నారేంటి దానికి? మీరు తినగా మిగిలిందా? అయితే ఏమీ మిగలదులెండి, మీ సంగతి నాకు తెలీదూ."

అరుగు మీద ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్లు నవ్వారు. మర్నాడు పానకాలరావు భార్యనీ కుక్కనీ ఆటో ఎక్కించి పశువుల డాక్టర్ హైమావతి దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టర్ వీపు చూసింది, పళ్లు చూసింది. పులుసులో ఉప్పు, కారం, ఉల్లిపాయ ఉంటాయని, అవి కుక్కకి పడవని చెప్పింది. తిండి మార్చమంది. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, గుమ్మడికాయ, చెంచాడు పెరుగు, వాటితో పాటు కుక్కల కోసం ప్యాకెట్లలో అమ్మే గింజలు పెట్టమంది.

"ఎముకలు మాత్రం వెయ్యకండి. ఉడికిన ఎముక విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇంకో మాట, ఒక్కసారిగా మార్చకండి. ముందు పాత తిండి ముప్పాతిక, కొత్తది పాతిక. రెండ్రోజులాగి సగం సగం. ఆ తర్వాత పాతది పాతిక. ఆఖర్న మొత్తం కొత్తది. అట్లా అయితే కడుపుకి తెలీదు."

"ఎవరికైనా అంతేనా అమ్మా?" అని భ్రమరాంబ అడిగింది.

"కడుపు ఎవరిదైనా కడుపేగా" అంది డాక్టర్.

భ్రమరాంబ చెప్పింది చెప్పినట్టు చేసింది. టైగర్ గిన్నెలోంచి పాతిక పులుసన్నం తగ్గింది. ఆమె అన్నం పారేసే మనిషి కాదు. అది పానకాలరావు కంచంలోకి వచ్చింది. కోడి తెస్తే మెత్తని ముక్కలు టైగర్‌కి వెళ్లేవి. ఎముకలు టైగర్‌కి కూడదు కాబట్టి పానకాలరావుకి వచ్చేవి. పెరుగు మంచిదని డాక్టర్ చెప్పింది. పెరుగులో పైనుండేది మీగడ. చెంచా పైనే పడుతుంది.

"ఏమే, ముక్క గట్టిగా ఉందేంటి?" అని ఒకరోజు పానకాలరావు అడిగాడు.

"కోడి ముదురండీ."

"మరి అది అంత మెత్తగా నములుతోంది?"

"దాని పళ్లు మంచివండీ."

ఆయన ఇంకో ఎముక అందుకున్నాడు. ఆషాఢం వచ్చేసరికి టైగర్ వీపు నిండింది, బొచ్చు మెరిసింది. సాయంత్రం పూట పానకాలరావు దాన్ని నాంచారయ్య అరుగు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిపించేవాడు.

భాద్రపదంలో ఒక ఆదివారం మస్తాన్ వలి తనిఖీకి వచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి ముందు పానకాలరావు కంచం చూశాడు. అన్నం, పొద్దుటి పులుసు, కోడి మెడ, రెండు ఎముకలు ఉన్నాయి. తర్వాత గడప దగ్గర గిన్నె చూశాడు. వంగి ఇంకోసారి చూశాడు.

"ఇది ఎవరిదండీ?"

"కుక్కది."

"పేరు?"

"టైగర్."

"ఇంటిపేరు?"

"కుక్కకి ఇంటిపేరేంటయ్యా!"

"ఇల్లొచ్చింది కదండీ. బొడ్డపాటి టైగర్ అని రాసుకుంటాను."

పానకాలరావు చెయ్యి కడుక్కోకుండా లేచాడు. "అది కుక్కయ్యా బాబూ! రాత్రయితే మొరుగుతుంది!"

"రూల్లో 'ఇంట్లో తినేవారు' అని ఉంది సార్. కాళ్లెన్నో అడగలేదు. మూడో వార్డులో ఒక డాబా చిలకది. రోజూ జామపండు పెడతారు. ఏ గొడవా లేదు, పాపం. నేను మిమ్మల్ని చూడట్లేదు సార్, కంచాన్ని చూస్తున్నాను." తర్వాత ఆయన వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా, మీ కంచం?"

"నేనింకా తినలేదు."

"ఎప్పుడు తింటారు?"

"వీళ్లవి అయ్యాక."

మస్తాన్ వలి గడియారం చూసుకున్నాడు. ఇంకా వార్డు మిగిలి ఉంది. మూడో కంచం దగ్గర గీత పెట్టాడు. పానకాలరావు అభ్యంతరం చెప్పాడు కాబట్టి శుక్రవారం మళ్లీ వస్తానన్నాడు. గేటు దాకా వచ్చిన భ్రమరాంబతో గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఇది నేను చెప్పకూడదమ్మా. వండేది మీరేగా. శుక్రవారం నేనొచ్చే వేళకి ఆ కోడి ముక్కలు మీ కంచంలో వేసుకుని కూర్చోండి. ఒక్క ముద్ద కలిపితే చాలు. ఇల్లు మీదైపోతుంది."

"నాదా?"

"మీదే."

"సరే" అంది భ్రమరాంబ. లోపలికి వెళ్లి హాల్లో పంకా ఆపింది. వంటింట్లో ఒక పంకా పెట్టించుకుంటే బాగుంటుందని ఆమెకి చాలాకాలంగా ఉంది. యజమాని సంతకం లేనిదే ఎలక్ట్రీషియన్ మేకు కొట్టడు.

పానకాలరావు సోమవారం మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాడు. కుక్క తిండి తగ్గించవచ్చా అని అడిగాడు. ప్రస్తుతానికి యజమాని టైగర్ గారు కాబట్టి, యజమాని కంచం తగ్గించడం కబ్జా కిందికి వస్తుందని గుమాస్తా చెప్పాడు. టైగర్ గారి కంటే మేలుగా తినడం ఒక్కటే దారి. పానకాలరావు మధ్యలో రోజులన్నీ ఆఫీసు పని మీద కాలవ గట్ల వెంట తిరిగి, గురువారం వేటమాంసం, నెయ్యి, డజను గుడ్లు తెచ్చాడు.

"పాతిక పాతికగా అని డాక్టరమ్మ చెప్పింది కదండీ" అంది భ్రమరాంబ. "మీరు ఎముకలకి అలవాటు పడ్డారు."

"అది కుక్కకే. నేను మనిషిని, వడ్డించు."

ఆమె వడ్డించింది. శుక్రవారం తెల్లారేసరికి పానకాలరావు పెరట్లో మరుగుదొడ్లో ఉన్నాడు. పదింటికీ అక్కడే ఉన్నాడు.

భోజనాల వేళకి భ్రమరాంబ ఆయన కోసం గంజి కాచి చల్లార్చింది. టైగర్ గిన్నె నింపింది. ఆ తర్వాత మూడో కంచం తీసింది. అన్నం, కోడి మెత్తని ముక్కలు, గుడ్డు, మీగడ వడ్డించుకుని నెయ్యి వేసుకుంది. పీట వాల్చుకుని కూర్చుంది.

"ఏమే! మజ్జిగ!" అని పెరట్లోంచి వినిపించింది.

కంచం మీద మూత పెట్టి లేచింది. మజ్జిగ ఇచ్చి వచ్చి చెయ్యి కడుక్కుని కూర్చునేసరికి ఆయన వచ్చి మంచం మీద పడుకుని గంజి అడిగాడు. గంజి ఇచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగాడు. అప్పుడు గేటు చప్పుడైంది.

మస్తాన్ వలి గుమ్మంలో నుంచే అంతా చూశాడు. మూత పెట్టిన కంచం చూశాడు. "కలపండమ్మా" అన్నాడు. "నేను చెప్పులు విప్పుకునేలోగా ఒక్క ముద్ద."

ఆయన ఒక చెప్పు విప్పాడు. భ్రమరాంబ మూత తీసింది.

"ఏమే, ఉప్పు వెయ్యలేదే ఇందులో!"

"వస్తున్నా."

ఆమె ఉప్పు తీసుకుని వెళ్లింది. మస్తాన్ వలి విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కున్నాడు. మళ్లీ విప్పాడు. రెండోది విప్పడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆమె ఈసారి దిండు సర్ది, గ్లాసు కడిగి, తడిగుడ్డతో నేల తుడిచి వచ్చింది. అప్పటికి ఆయనకి విప్పడానికి చెప్పులు మిగల్లేదు. రాయాల్సింది రాశాడు. మొదటి కంచం టైగర్ గారిది. రెండోది పానకాలరావుది, గంజి. మూడో కంచం దగ్గర గీత పెట్టాడు.

"ఎందుకమ్మా ఇట్లా చేశారు?" అని అడిగాడు.

"ఆయనకి బాగాలేదు కదా" అంది భ్రమరాంబ. వడ్డించిన కంచం తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. "సాయంత్రానికి తగ్గితే తింటారు."

ఇల్లు టైగర్ గారికి ఖాయమైంది. గేటు పక్క పేరు మార్చారు. పన్ను నోటీసు ఆయన పేరునే వస్తోంది. పడక కుర్చీ ఆయనది. వార్డు సభకి కూడా వెళ్తున్నారు. మాట్లాడకుండా కూర్చుంటారు, చివరి దాకా ఉంటారు. ఇదివరకు ఆ ఇంటి నుంచి వచ్చే మనిషి మొరిగేవాడని, ఇప్పుడు సభ ప్రశాంతంగా ఉందని వార్డు సభ్యుడు మెచ్చుకున్నాడు. నాంచారయ్య అరుగు దిగి వచ్చి, "నమస్కారం టైగర్ గారూ, ఒళ్లు బాగుందా?" అని పలకరిస్తాడు. వెనక గొలుసు పట్టుకుని నడిచే పానకాలరావుని ఇప్పుడు బావగారూ అనడు.

మొదటి నెల పానకాలరావుకి కష్టమైంది. వంటింట్లో కింద కూర్చుని ఎముక పట్టుకుని భార్యని అడిగాడు. "ఇట్లా ఎట్లా బతకడమే?"

"అలవాటవుతుంది లెండి. మా పుట్టిల్లు నా పేరునే ఉండేది, మీకు తెలుసా?"

"నీ పేరునా?"

"మీగడంతా మా నాన్న నాకే వేసేవాడు. చేపలో నడిమి ముక్క నాదే. పెళ్లయ్యేదాకా ఇల్లు నాదే."

"మరి ఇక్కడ?"

"మీ అమ్మగారు మంచివారు. ఒక్కసారిగా మార్చలేదు. ముందు పాతిక తగ్గించారు. ఆషాఢానికి పుట్టింటికెళ్లి వచ్చాక సగం. ఏడాది తిరిగేసరికి మొత్తం అయింది. కడుపుకి తెలీలేదు."

పానకాలరావు ఎముక కంచంలో పెట్టాడు. తర్వాత ఇంకాస్త పులుసు పోయమన్నాడు. ఆమె పోసింది.

ఈ ఏడాది తనిఖీకి మస్తాన్ వలి మళ్లీ భాద్రపదంలోనే వచ్చాడు. టైగర్ గారి గిన్నెలో కోడి, గుడ్డు, గుమ్మడికాయ ఉన్నాయి. ఆయన తినడం అయ్యేదాకా పానకాలరావు గడప దగ్గర ఆగి, తర్వాత కంచం ముందు కూర్చున్నాడు. ఒంట్లో బాగుందన్నాడు, బీపీ తగ్గిందన్నాడు. అభ్యంతరమేమీ లేదన్నాడు.

"అమ్మా, మీ కంచం?" అని మస్తాన్ వలి వంటింటి వైపు అడిగాడు. అక్కడ పంకా లేదు.

"ఆవిడ తర్వాత తింటుంది" అన్నాడు పానకాలరావు, ఎముక మీంచి తల ఎత్తకుండా. "రాసుకోండి."

మస్తాన్ వలి మూడో కంచం దగ్గర గీత పెట్టాడు. బయటికి వచ్చి వీధి చివర సిమెంటు బల్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాడు. ఒక గిన్నెలో నెయ్యి వేసిన అన్నం, ఒక గిన్నెలో చేప నడిమి ముక్క, ఒక గిన్నెలో మీగడ పెరుగు ఉన్నాయి. పొద్దున్న వాళ్లావిడ కట్టి ఇచ్చింది. ఆయన నిదానంగా తిన్నాడు, గిన్నెలు కడుక్కున్నాడు, పక్కింటి గేటు తీశాడు. ఆయన సొంత ఇల్లు వేరే వార్డులో ఉంది. దాని తనిఖీ ఆయన పని కాదు.