మా ఊరి మెర్జర్ మీడియం

ఇంగ్లీషు నేర్చుకోవడానికి బడి అక్కర్లేదు. ఊరు రెండుగా చీలితే చాలు.

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో మా ఇంగ్లీషు సారు బెత్తం అరిగేదాకా చెప్పినా నాకు వంటబట్టింది లీవ్ లెటర్ ఒక్కటే. అది కూడా జ్వరానిదే. పెళ్లికి సెలవు కావాలన్నా జ్వరమే రాసేవాణ్ని. అలాంటి నేను ఇవాళ హోటల్ బెంచీ మీద కూర్చుని, చాయ్‌లో బిస్కట్ ముంచుకుంటూ, 'అన్‌ప్లాన్డ్ అర్బనైజేషన్' అంటున్నాను. బిస్కట్ విరిగి పడుతోంది గానీ నాలుక తడబడటం లేదు. ఈ మహిమ ఎవరిది? మెర్జర్‌ది!

మా ఊరు నార్కట్‌పల్లి నుంచి ఆటో దూరం. పక్కనున్న మున్సిపాలిటీలో మమ్మల్ని కలపాలని పోయిన ఎండాకాలం ఒక ప్రతిపాదన వచ్చింది. దాన్ని తెలుగులో విలీనం అంటారు. తెలుగులో ఉన్నన్నాళ్లు దాని జోలికి ఎవరూ పోలేదు. ఒకనాడు ఏదో ఛానెల్ వాళ్లు వచ్చి, ఐలేశం హోటల్ ముందు మైకు పెట్టి, "మెర్జర్‌పై మీ స్టాండ్ ఏమిటి?" అని అడిగారు. మైకు వచ్చినప్పుడు ఊళ్లో ఎవరికీ స్టాండ్ లేదు. మైకు వెళ్లేసరికి లేనివాడు లేడు.

రోడ్డు పక్క భూములున్నవాళ్లు కలపాలన్నారు. ప్లాట్లు చేసుకోవచ్చు. లోపల భూములున్నవాళ్లం వద్దన్నాం. ఇంటి పన్ను పెరగడం తప్ప మాకు ఒరిగేది లేదు. ఐలేశం వ్యాపారం తెలిసిన మనిషి. హోటల్లో కుడిపక్క బెంచీ కావాలనేవాళ్లకు, ఎడమపక్క బెంచీ వద్దనేవాళ్లకు కేటాయించాడు. చాయ్ మాత్రం ఒకే గిన్నెలోది. ఆ విషయం గుర్తుచేస్తే రెండు బెంచీలకూ కోపం వచ్చేది.

విద్యాశాఖ వారు ఇక్కడ కాస్త చెవి ఒగ్గాలి. పాఠ్యపుస్తకంలో మొదట మాట ఉంటుంది, పక్కన అర్థం ఉంటుంది, కింద సొంత వాక్యం రాయమంటారు. పిల్లవాడు రాస్తాడు, మరచిపోతాడు. మా పద్ధతి వేరు. మొదట మాట వచ్చి మన నెత్తిన పడుతుంది. దాని అర్థమేమిటో తెలిసేదాకా ముద్ద దిగదు. అర్థం తెలిసినాక నిద్ర పట్టదు. తెల్లారగానే ఆ మాటను సొంత వాక్యంలో పెట్టి, వేసినవాడి మీదికే తిప్పి వేస్తాం. ఇలా నేర్చుకున్న మాటను ఎవరైనా జన్మలో మరచిపోతారా?

మాజీ వార్డు మెంబరు మల్లేష్‌నే తీసుకోండి. ఎడమ బెంచీ మీద ఎవరో అతన్ని 'ఆపర్చునిస్ట్' అన్నారు. అదేదో పదవి అనుకుని బెంచీ మొత్తానికి మిర్చిబజ్జీలు తినిపించాడు. అర్థం తెలిశాక వారం పాటు అదే మాటను ఊళ్లో కనపడ్డ ప్రతివాడికీ పంచిపెట్టాడు. ఒకరి బర్రె ఇంకొకరి చేన్లో పడితే ఇదివరకు బర్రెను కొట్టేవాళ్లు. ఇప్పుడు 'ప్రొవొకేషన్' అంటున్నారు. బర్రెకు దెబ్బలు తప్పాయి. మా పక్కింటి స్నిగ్ధ రెండో తరగతి. వాళ్లమ్మ కాకరకాయ కూర వడ్డిస్తే "ఐ కండెమ్" అంటుంది. ఏ కాన్వెంటు నేర్పుతుంది ఇంత స్పష్టంగా?

నార్కట్‌పల్లి చౌరస్తాలో స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నడిపే బెంజమిన్ సంగతి చూడండి. మా ఊరి పిల్లలు అతని దగ్గరికి పోవడం మానేశారు. ఏం జరిగిందో చూద్దామని ఒకనాడు అతనే వచ్చి ఎడమ బెంచీ చివర కూర్చున్నాడు. కాసేపు విని నా చెవిలో అడిగాడు.

"అన్నా, 'మరి మీ సంగతేంది' అని ఎదురడుగుడుకు గా 'వాటెబౌటరీ' అనే మాట మీ ఊర్ల ఎవలు తెచ్చిండ్రు? ఎమ్మేల గూడ మాకు చెప్పలే."

అప్పట్నుంచి పొద్దున అతను మా దగ్గర నేర్చుకుంటాడు, సాయంత్రం తన సెంటర్లో చెబుతాడు. మధ్యాహ్నం మా ఊరివాళ్లు ఎవరికి ఏ మాట తగిలినా అర్థం చెప్పి పంపిస్తాడు. దవాఖానలో కాంపౌండర్ లాగా.

ఇంత జరిగినా ఇంగ్లీషు రాని మనిషి మా ఊళ్లో ఒక్కతే మిగిలింది. నాగులమ్మ. ఉపాధి హామీ పనికి పోతుంది. చర్చ మాంచి రసపట్టులో ఉండగా హోటల్ ముందు గంప దించి అడిగింది.

"అయ్యా, ఊరు టౌన్ల కలిస్తె నా ఉపాధి పని ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పుండ్రి."

"డోంట్ డీవియేట్, నాగులమ్మా" అన్నది కుడి బెంచీ.

"ఇది లార్జర్ ఇష్యూ" అన్నది ఎడమ బెంచీ.

రెండు బెంచీలూ ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే. నాగులమ్మ అందరి మొఖాలూ చూసి, "మీ నోట్లె మన్నువొయ్య" అని గంప ఎత్తుకుని పోయింది. అక్షరాస్యతలో మనం ఇంకా ఎంత వెనకబడి ఉన్నామో చూశారా?

నా సొంత పురోగతికి వస్తాను. దానికి ముఖ్య కారకుడు మా బామ్మర్ది గుర్వయ్య. నా భార్య కౌసల్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఊళ్లోనే కింది వాడలో ఉంటాడు. భూమి రోడ్డు పక్కన, కాబట్టి కుడి బెంచీ.

మా వైపు బావ బామ్మర్దులు ఎట్లా మాట్లాడుకుంటారో తెలియనివారికి చెబుతున్నాను. తిట్టుకుంటారు. అదే పలకరింపు. "బావా, ఇంక సావలేదా నువ్వు?" అని అతను గడపలో అడుగుపెట్టేవాడు. "నిన్ను బొందవెట్టినంక పోత తియ్, పందికొక్కు" అని నేను పీట వేసేవాణ్ని. నా పెళ్లయిన మర్నాటి నుంచీ ఇదే. ఒక్కనాడు ఒక్క తిట్టు కూడా ఎవరికీ తగల్లేదు. కౌసల్య తలుపుకు ఆనుకుని నవ్వేది. ఆమె పోయిననాడు కూడా గుర్వయ్య నా భుజం పట్టుకుని, "ముసలి గాడిదా, గిప్పుడు నీకు చారెవడు పోస్తడు" అని బోరున ఏడ్చాడు. నన్ను ఓదార్చిన మాట ఆ ఒక్కటే. మిగతావాళ్లంతా మర్యాదగా మాట్లాడారు.

అలాంటివాడికి నేను ఐలేశం హోటల్లో అందరి ముందు, "గుర్వయ్యా, నీది వెస్టెడ్ ఇంటరెస్ట్" అన్నాను.

అతను పకపకా నవ్వాడు. పందికొక్కుకు చెల్లెలనుకున్నాడు. ఆ మధ్యాహ్నం బెంజమిన్ దగ్గరికి పోయాడు.

మర్నాడు వచ్చి నా ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు.

"రఘుపతి గారూ, మీవి డబుల్ స్టాండర్డ్స్" అన్నాడు.

గారు! ఇన్నేళ్లలో నా బామ్మర్ది నన్ను పేరుపెట్టి పిలిచింది లేదు. పేరు పెట్టడమే కాదు, గారు తగిలించాడు. ఆ ఇంగ్లీషు మాటకు అర్థం బెంజమిన్ చెప్పాడు. ఆ 'గారు'కు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నేను అన్నది తప్పంటారా? అతని భూమి రోడ్డు పక్కన ఉన్న మాట నిజం. నిజం చెప్పినవాడు ఎందుకు వెనక్కి తీసుకోవాలి? తీసుకోను. అతను కూడా తీసుకోడు. ఈ పట్టుదలను ఇంగ్లీషులో 'ప్రిన్సిపుల్డ్ స్టాండ్' అంటారట.

ఇంతలో వినాయక చవితి దాటింది. ప్రతిపాదన 'అబెయన్స్'లో పెట్టారని కబురొచ్చింది. అంటే ఏమిటని అడిగితే, "ఉన్నదన్నా, గని లేదు" అన్నాడు బెంజమిన్. ఛానెల్ మైకు ఇంకో ఊరికి పోయింది. మెర్జర్ కావాలన్న నాయకుడు, వద్దన్న నాయకుడు ఇద్దరూ ఒకే కారులో యాదగిరిగుట్టకు పోయి దర్శనం చేసుకుని వచ్చారు. ఊరందరికీ లడ్డూ పంచారు. రెండు బెంచీలకూ విడివిడిగా.

బెంచీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత పెత్రామాస వచ్చింది. పోయినవాళ్ల పేరు మీద వండిపెట్టే అమావాస్య. మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పోయిన ఆడమనిషి పేర వడ్డించిన విస్తరిలో మొదటి ముద్ద ఆమె తోబుట్టువు తినాలి. అతను తినేదాకా ఇంట్లో ఇంకెవరూ ముట్టరు. కౌసల్య పోయినప్పటినుంచీ గుర్వయ్యే తింటున్నాడు. గారెలు గట్టిగా ఉన్నాయని నన్ను తిడుతూ తింటాడు.

ఈసారి కూడా పప్పు నానబోసి, రుబ్బి, నేనే గారెలు చేశాను. సగం నూనెలోనే విడిపోయాయి. విస్తరి వేశాను. పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగింది. గుర్వయ్య రాలేదు.

బతుకమ్మకు తంగేడు పూలు కోసుకుని నాగులమ్మ అటుగా పోతోంది. నా గడప చూసింది, విస్తరి చూసింది.

"రఘుపతన్నా, గుర్వయ్య హోటల్ కాడ్నే కూసున్నడు. పొద్దుగాలసంది అన్నం ముట్టలే. నువ్వు పోయి పిల్వరాదూ?"

"నేనెందుకు పోవాలె?"

"పోకు మరి. గారెలకు చీమలు వట్టినంక ఇద్దరు గలిసి చర్చ పెట్టుకోండ్రి" అని నడిచిపోయింది.

పోయాను. కుడి బెంచీ కొసన కూర్చుని ఉన్నాడు గుర్వయ్య. ఉతికిన తెల్లంగి. నూనె రాసి దువ్విన తల. ఏటా పెత్రామాసకు మా ఇంటికి వచ్చే వేషమే. నేను రోడ్డు మీదే నిలబడ్డాను.

"ఓ పందికొక్కు! విస్తరి సల్లారుతాంది. లేస్తవా, కాలువట్టి ఈడ్సుకపోన్నా?"

ఐలేశం చాయ్ వడపోయడం ఆపాడు. గుర్వయ్య తల ఎత్తాడు. కళ్లు తడి. పెదవి కదిలింది. ఏదో మంచి తిట్టు గొంతు దాకా వచ్చింది. నేను చూశాను. పక్కన కూర్చున్న తన బెంచీవాళ్ల వైపు ఒకసారి చూశాడు. మింగాడు.

"నో కామెంట్స్" అన్నాడు.

నేను ఇంటికి వచ్చి విస్తరి తీసి గోడ మీద పెట్టాను. కాకులు వచ్చాయి. ఆ రోజు నేను తినలేదు.

అయినా మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. ఎంత చక్కటి ఉచ్చారణ! ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా మా ఊరి యాస లేదు. కళ్లు మూసుకుని వింటే, కౌసల్య తమ్ముడన్న అనుమానం ఎవరికీ రాదు.