చదవరాని బోర్డు వల్ల లాభాలు

దుకాణం బోర్డు ఎవరికీ చదవరాకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం.

చదవగలిగితే ఏమవుతుంది? మనిషి అదేం దుకాణమో తెలుసుకుంటాడు, తనకు అందులో పనిలేదని తేల్చుకుంటాడు, తన దారిన తాను పోతాడు. అదే చదవరాని బోర్డయితే ఆగుతాడు! మెడ వంచి చూస్తాడు, కళ్లు చికిలించి చూస్తాడు, పక్కవాళ్లను అడుగుతాడు. ఏ సరుకు కోసమూ అంతసేపు ఆగని మనిషి అక్షరాల కోసం ఆగుతాడు.

నా సంగతే చూడండి. నా భార్య పోయి నాలుగేళ్లయింది. పాలబ్బాయితో "రేపు కూడా ఒక్క ప్యాకెట్టే" అనడం తప్ప నోరు విప్పే పని లేని రోజులుంటాయి నాకు. అలాంటి నేను ఈమధ్య బజారుకెళితే అరగంటలో ముగ్గురితో మాట్లాడి వస్తున్నాను. "ఏమండీ, ఇక్కడేం రాసుందంటారు?" అంటే చాలు, జనం పోగవుతారు. మొన్న ఒక బోర్డు కింద ఒకాయన బేకరీ అన్నాడు, ఒకావిడ కుట్టు క్లాసులంది. ఎటూ తేలక ముగ్గురం కలిసి లోపలికెళ్లాం. పళ్ల డాక్టరు! వచ్చాం కదా అని బేకరీ అన్నాయన ఒక పన్ను కూడా చూపించుకున్నాడు. మామూలు బోర్డుకు ఇంత శక్తి ఉందా?

ఈ మహిమంతా స్క్రిప్ట్ ఫాంట్లది. అంటే చేత్తో గబగబా కలిపి రాసినట్టుండే అక్షరాలు. అయితే రాసిన చెయ్యి మాత్రం ఎవరిదీ కాదు, కంప్యూటరుది. ఇప్పుడు చిన్న వ్యాపారాలన్నీ వీటినే కోరుకుంటున్నాయి. కారణం, అవి 'ఫ్రెండ్లీ'గా ఉంటాయట.

మా అమ్మాయి కళ్లజోళ్ల దుకాణం తెరిచినప్పుడు ఈ శాస్త్రం నాకు తెలిసొచ్చింది. అంతకుముందు ఆమె పెద్ద ఆస్పత్రిలో కళ్లు పరీక్షించేది. రోజుకు వందమంది. "నెక్స్ట్" అనడమే తప్ప ఎవరి ముఖమూ గుర్తుండేది కాదు. మనుషుల్ని కూర్చోబెట్టి నింపాదిగా చూడాలని సొంతంగా ఒక చిన్న గది తీసుకుంది. మూడు నెలల గడువు పెట్టుకుంది. నిలబడితే సరే, లేదంటే మళ్లీ ఆ ఆస్పత్రికే.

బోర్డు కోసం ఒక డిజైనర్ వచ్చాడు. రెండు సాయంత్రాల్లో నలభై మూడు ఫాంట్లు చూపించాడు. నేను మామూలు అచ్చు అక్షరాల మీద వేలుపెట్టాను.

"అవి కోపంగా ఉన్నాయంకుల్," అన్నాడు.

"ఎవరి మీద?"

"కస్టమర్ మీద! అక్షరం చూస్తే మనిషికి హగ్ ఇచ్చినట్టుండాలి."

మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రటివి. ఎవరికీ గుచ్చుకునే మూల ఒక్కటీ లేదు వాటికి. అయినా వాటిని ఇంకా మెత్తబరచాలన్నాడు. చివరికి ఎంచుకున్న ఫాంటులో తలకట్లు గాలికి ఎగిరే చున్నీల్లా ఉన్నాయి. కొమ్ములు పక్క అక్షరం నడుం చుట్టూ చెయ్యి వేశాయి. సున్న ఎక్కడుందో కనిపెట్టినవారికి బహుమానం ప్రకటించవచ్చు. బోర్డు ఎక్కించిన రోజు అమ్మాయి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది. "బ్రహ్మాండం!" అన్నాను.

మొదటి పది రోజులు ఎవరూ రాలేదు. పొరబాటు, ఒకాయన దిండ్లు అమ్ముతారా అని వచ్చాడు.

తర్వాత మొదలైంది జాతర! ఎదురుగా బస్టాపు ఉంది. అక్కడ నిలబడే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఓ రోజు రోడ్డు దాటి వచ్చి, "అమ్మాయీ, నా చూపు పోయింది. మీ బోర్డులో ఒక్క అక్షరం కూడా తెలియడం లేదు," అంది. మర్నాడు ఒక తపాలా ఉద్యోగి. ఆ వారంలో ఇరవై ఆరు మంది! ఏ వ్యాపారానికైనా ఇంతకన్నా సూటి ప్రకటన ఉంటుందా? బోర్డే రోగం పుట్టిస్తుంది, బోర్డే వైద్యుడి దగ్గరికి పంపిస్తుంది.

అందరినీ మా అమ్మాయి శ్రద్ధగా పరీక్షించింది. అందరి కళ్లూ బాగున్నాయి. అదే చెప్పి పంపించింది. ఒక్క జోడూ అమ్ముడుపోలేదు. అది చిన్న విషయం.

"పవర్ లేని అద్దాలు ఇచ్చేయండక్కా, హ్యాపీగా ఫీలవుతారు," అని డిజైనర్ సలహా ఇచ్చాడు. మా అమ్మాయి అతని వైపు చూసిన చూపు నేను మాత్రం అద్దాల్లేకుండానే చదవగలిగాను.

ఈ పద్ధతి అన్నిచోట్లా రావాలని కోరుకుంటున్నాను. లిఫ్టులో "ఆరుగురికి మించి ఎక్కరాదు" అన్నది ఇలా రాస్తే ఎవరూ నొచ్చుకోరు. ట్రాన్స్‌ఫార్మర్ మీద "ప్రమాదం" అన్నది పూలతీగలా అల్లితే ఎంత ఆప్యాయంగా ఉంటుంది!

మొన్న మధ్యాహ్నం దుకాణంలో మేమిద్దరం తప్ప ఎవరూ లేకుండా చూసి ఒక బస్సు డ్రైవరు లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. తలుపు తనే దగ్గరికి వేశాడు.

"డిపోలో తెలిస్తే స్టీరింగ్ లాగేసుకుంటారమ్మా. ఎవరికీ చెప్పనంటేనే కూర్చుంటాను."

"చెప్పను బాబాయ్, కూర్చోండి."

గోడమీది అక్షరాల పట్టికలో అట్టడుగు వరుస దాకా గడగడా చదివేశాడు. అమ్మాయి మళ్లీ పరీక్షించింది. "మీ కళ్లు నాకన్నా బాగున్నాయి బాబాయ్."

"మరి నీ బోర్డు? రోజుకు నాలుగుసార్లు దాని ఎదురుగానే బండి ఆపుతాను. పది రోజులుగా కంటిమీద కునుకు లేదమ్మా. బండిలో అందరూ దానివైపే చూస్తుంటారు. వాళ్లంతా చదివేస్తున్నారు, నాకొక్కడికే కనిపించడం లేదనుకున్నాను."

అమ్మాయి నావైపు తిరిగింది. "నాన్నా, మీరు చదవగలుగుతున్నారా?"

"రంగు చాలా బాగుందమ్మా."

"చదవగలుగుతున్నారా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఎక్కించిన రోజు నుంచి. మొదట నా కళ్లదే లోపమనుకున్నాను. తర్వాత నీకు చెప్పడానికి నోరు రాలేదు. మీ అమ్మ ఉంటే అప్పుడే అనేసేది."

అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ బరువైన పరీక్ష ఫ్రేము నా ముక్కుమీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మార్చింది. నా పవర్ నిజంగానే పెరిగిందట! ఆ దుకాణంలో జోడు అవసరమైన మొదటి మనిషిని నేనే.

ఆ ఫ్రేముతోనే రోడ్డు మీదికి వెళ్లి తలెత్తి చూశాను. డ్రైవరు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ప్రతి తోకా, ప్రతి మెలికా కొట్టొచ్చినట్టు కనిపించింది. చున్నీల అంచుల దగ్గర చిన్న చిన్న చుక్కలున్నాయని కూడా అప్పుడే తెలిసింది.

"ఏముందండీ?" అన్నాడు డ్రైవరు ఊపిరి బిగబట్టి.

"ఏమీ తెలియడం లేదండీ."

"హమ్మయ్య!" అన్నాడాయన. ఒక మనిషి ముఖంలో అంత నిశ్చింత నేను చూసి చాలాకాలమైంది.

తండ్రిగా మూడు వారాల క్రితం చెప్పాల్సిన మాట చెప్పడానికి వెనక్కి తిరిగాను. "అమ్మా, ఇది తీయించెయ్యి..."

అప్పటికే ఆమె నిచ్చెన తెచ్చి గోడకు ఆనిస్తోంది. "కబుర్లు తర్వాత నాన్నా, ముందు ఇది పట్టుకోండి."

డ్రైవరు ఒకవైపు, నేనొకవైపు పట్టుకున్నాం. ఆమె ఎక్కి, స్క్రూలు ఒక్కొక్కటే విప్పింది. బోర్డు కిందికి దిగింది.

ఎదురుగా బస్టాపులో నిలబడ్డ పదిహేనుమందీ చప్పట్లు కొట్టారు! మూడు వారాలుగా రోజూ అక్కడే నిలబడి, ఒక్కరంటే ఒక్కరు పక్కవాళ్లతో కూడా అది చదవలేకపోతున్నామని అనలేదు.