చద్దర్ మీద సైన్సు పాఠం

చాయ్ చల్లారేలోపు ఒక నిజం చెప్పేస్తాను. మీరంతా నన్ను చదువుకున్నవాడిననుకుంటున్నారు. నాకు చదవడం రాదు.

దాజీ పేట్‌లో చద్దర్లు, అంటే దుప్పట్లు, నేసే కార్ఖానాలో గళ్ల కాగితం మీద డిజైన్లు దించడం నా పని. నెమలి బొమ్మ ఇస్తే నెమలి, చీటీ మీద దుకాణం పేరు రాసిస్తే ఆ పేరు. రెండూ నాకు బొమ్మలే. నెమలే కాస్త నయం, తల ఎటుందో తెలుస్తుంది.

ఇంట్లో మాత్రం రోజూ పేపరు విప్పి గంటసేపు తల ఊపేవాణ్ని. నా భార్య గంగుబాయి బీడీలు చుడుతూ ఆ ఊపుకే మురిసిపోతోందనుకునేవాణ్ని.

మా అమ్మాయి సరోజకు చూపు తక్కువ. ఎంత మందం అద్దాలు పెట్టినా అరచేతి అంత అక్షరమైతేనే ఆనుతుంది. ఈ ఏడు పదో తరగతి పరీక్షకు నెల రోజులున్నాయనగా సైన్సు మాస్టారు కబురు పంపారు. ఇంట్లో ఎవరైనా రోజూ పాఠం చదివి వినిపించాలట, లేకపోతే పిల్ల తప్పుతుందట.

"నువ్వు సదువు," అంది గంగుబాయి. "అంత పేపరు సదువుతవు, పిల్లకింత సదివితే ఏం బోతది?"

"గొంతు పట్టింది."

"పొద్దుగాల గల్లీ అంత ఇనబడేటట్టు లొల్లి జేస్తివి గద."

"అప్పుడే పట్టింది."

మర్నాడు పన్ను నొప్పి, ఆ మర్నాడు తలనొప్పి. జబ్బులన్నీ అయిపోయాక ఉపాయం తట్టింది.

"పాఠం చద్దర్ మీద నేస్త," అన్నాను. "అరచేయంత అక్షరాలు. ఒకరు సదివి పెట్టుడెందుకు, అదే సదువుకుంటది."

"పుస్తకమంత నేస్తవా?"

"ముఖ్యమైనదే నేస్త."

"చుట్టు డబ్బా గట్టి అచ్చేసిందే ముఖ్యమని మా మాస్టారు చెప్పిండు నాయినా," అంది సరోజ.

పుస్తకం తెరిచాను. అట్ట తిప్పగానే డబ్బా. నాలుగు వైపులా చక్కటి గీతలు. ముఖ్యమైనది ముందే పెట్టిన ఆ మహానుభావుడికి మనసులో దండం పెట్టుకున్నాను.

ఇరవై రోజులు పట్టింది. అక్షరాలు గళ్లలోకి దించాను, మగ్గానికి డిజైను అందించే అట్టలకు చిల్లులు కొట్టాను, మా కార్ఖానా నేతగాడు మల్లేశం మగ్గం మీద నేశాడు. ఏం రాసుందని కార్ఖానాలో ఒక్కరూ అడగలేదు. అక్కడ అందరూ నా బాపతే.

చద్దర్ ఇంట్లో పరిచాను. సరోజ మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి చదివింది. ముక్కు ఆనించకుండా, ఎక్కడా ఆగకుండా అది చదవడం నేను వినడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సర్వ హక్కులు ప్రచురణకర్తలవి. అనుమతి లేకుండా ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ నకలు చేయరాదు. చిరిగిన ప్రతిని పదిహేను రోజుల్లో మార్చుకోవచ్చు."

"మస్తున్నది పాఠం," అన్నాను. "కంఠస్తం జెయ్యి బిడ్డా."

సరోజ చద్దర్ మీంచి వేలు తీసింది. గంగుబాయి బీడీల చాట పక్కన పెట్టింది.

"ఇగ చాలు తియ్యి," అంది. "మీ అన్న రాసిన జాబు ఎనిమిది దినాలు జేబుల వెట్టుకొని తిరిగినవు. మన గల్లీ రామన్న వచ్చి సదివినంక గద, మీ వదిన సచ్చిపోయిందని ఏడ్సినవు."

"నీకు ఎర్కనా?"

"లగ్గమైన ఏడే ఎర్క."

"మరి సదువుమని నా పానం ఎందుకు దీసినవు?"

"రాదని నీ నోటితోని ఒక్కపారి చెప్తవేమోనని. చెప్తే ఆ దినమే పక్కింటి మంగళను పిలుస్తుంటి. ఆమె ఏడో తరగతి దాంక సదివింది."

వెళ్లి మంగళను పిలుచుకొచ్చాను. నెలలో ఇరవై ఆరు రోజులు నేను మింగేశాను. మిగిలిన నాలుగు రోజులూ మంగళ పాపం గొంతు పోయేలా చదివింది. సరోజ సైన్సులో తప్పింది. మళ్లీ అక్టోబరులో రాయాలి.

ఇప్పుడు రోజూ సాయంత్రం మంగళ పాఠం చదువుతుంది, సరోజ వింటుంది. ఆమె వెళ్లాక సరోజ చద్దర్ పరిచి నాకు అక్షరాలు దిద్దిస్తుంది. నిన్నటికి మొదటి వరుస దాటాను.

"అక్టోబర్ దాంక నీకు పాఠం సదివి పెట్టేటంత వస్తదా నాకు?" అని అడిగాను.

"రాదు నాయినా," అంది. నా వేలు మాత్రం అక్షరం మీంచి తీయనివ్వలేదు.